కంప్యూటర్లో ఎనిమిది బ్యాండ్లు, జెల్ మీద ఆరు

ఈసారి ఉత్తరం ఒక లెక్చరర్ నుంచి వచ్చింది. పేరూ, కాలేజీ పేరూ రాయొద్దన్నారు. తొమ్మిదేళ్లుగా డిగ్రీ ఆఖరి ఏడాది పిల్లలకు జెనెటిక్ ఇంజినీరింగ్ చెబుతున్నారట. ఉత్తరం చాలా పెద్దది, కుదించి చెబుతాను.

క్లాసులో అరవై మంది. డీఎన్ఏ ముక్కల్ని పొడవుని బట్టి విడదీసి చూపించే జెల్ ట్యాంకు ల్యాబ్‌లో పనిచేసేది ఒకటే. డీఎన్ఏకి కాపీలు తీసే పీసీఆర్ యంత్రం పాడై మూలన పడి ఉంది. డీఎన్ఏని కోసే, అతికించే ఎంజైములకు ఇండెంట్ పెడితే అవి వచ్చేసరికి సెమిస్టర్ అయిపోతుంది. దాంతో రెండేళ్ల కిందట ఆమె ప్రాక్టికల్స్‌లో చాలా భాగాన్ని కంప్యూటర్ సిమ్యులేషన్లలోకి మార్చేశారు. పిల్లలు తెర మీదే ప్లాస్మిడ్‌ని (బ్యాక్టీరియాలో ఉండే చిన్న గుండ్రటి డీఎన్ఏ) కోస్తారు, జన్యువుని అతికిస్తారు, బ్యాక్టీరియాలోకి పంపిస్తారు, జన్యువు ఎక్కని నీలం కాలనీలెన్ని, ఎక్కిన తెల్లవెన్ని లెక్కపెడతారు. మార్కులు పెరిగాయి, వైవాలో తడబాటు తగ్గింది. అంతా బాగుందనుకుంటున్నప్పుడే ఒకదాని వెనక ఒకటి జరిగాయి. క్లాసులో బాగా చదివే అమ్మాయి ప్రాజెక్టు కోసం వేరే ల్యాబ్‌కి వెళితే రెండు మైక్రోలీటర్లు తీయమన్నారట, ఆ అమ్మాయి పిపెట్ (చుక్కల్ని కొలిచి తీసే పరికరం) బటన్‌ని అడుగుదాకా నొక్కి తీసింది. "అసలు ఎప్పుడైనా ల్యాబ్‌లో అడుగుపెట్టావా?" అని అడిగారు. ఆ కబురు కాలేజీకి చేరాక, సీనియర్ లెక్చరర్ ఒకాయన స్టాఫ్ రూమ్‌లో అందరి ముందూ "పిల్లలతో వీడియో గేములు ఆడిస్తే ఇంతే" అన్నారు. హెచ్‌వోడీది ఇంకో దారి: సిమ్యులేషన్లు బాగా నడుస్తున్నాయి కదా, మొత్తం వాటిలోకే మార్చేసి రసాయనాల బడ్జెట్ అక్కర్లేదని నెలాఖరులోగా రాసివ్వండి అన్నారు. ఒకరు ఎక్కువైందంటారు, ఒకరు చాలలేదంటారు, మధ్యలో ఈమెకు నిద్ర పట్టడం లేదు.

ఇదంతా రాసి, చివర్లో "ఇంకో చిన్న విషయం" అంటూ ఒక పేరా చేర్చారు. దాన్ని మాత్రం ఉన్నదున్నట్టు ఇస్తున్నాను.

"లాంబ్డా డీఎన్ఏని హిండ్-3 ఎంజైముతో కోస్తే ఎనిమిది ముక్కలొస్తాయని పిల్లలు సిమ్యులేషన్‌లో చూశారు. ఆ వారమే ఉన్న ఒక్క ట్యాంకులో నిజంగా జెల్ నడిపి చూపించాను. ఆరు బ్యాండ్లే కనిపించాయి. ఎప్పుడూ నోరు విప్పని వెనక బెంచీ అబ్బాయి 'మేడమ్, మిగతా రెండూ ఏవి?' అన్నాడు. లోడింగ్‌లో ఏదో తేడా జరిగినట్టుంది, కంప్యూటర్లో ఉన్నదే వేసుకో అన్నాను. రికార్డులో ఎనిమిది గీతలు గీసుకొచ్చాడు. సంతకం పెట్టాను. ఎందుకో ఆ పేజీ మాటిమాటికీ గుర్తొస్తోంది."

మేడమ్, మీరు చిన్న విషయం అన్నదే నాకు ఉత్తరం మొత్తంలో పెద్దదిగా కనిపించింది. అక్కడి నుంచే మొదలుపెడతాను, మిగతావి దాని వెంట వాటంతటవే వస్తాయి.

ముందు ఆ అబ్బాయి ప్రశ్నకు జవాబు చూద్దాం. లాంబ్డా అంటే బ్యాక్టీరియాకి సోకే ఒక వైరస్, దాని డీఎన్ఏ పొడవు 48,502 బేస్ జతలు (బేసులంటే డీఎన్ఏలో అక్షరాలనుకోండి). జెల్‌లో ఒకే పొడవు ముక్కలన్నీ ఒకచోట చేరి కనబడే గీతే బ్యాండ్. హిండ్-3 దాన్ని ఏడు చోట్ల కోస్తుంది, కాబట్టి ఎనిమిది ముక్కలు: 23,130, 9,416, 6,557, 4,361, 2,322, 2,027, 564, 125. మీరు ఒక వెల్‌లో (జెల్‌లో డీఎన్ఏ పోసే గుంట) అర మైక్రోగ్రాము, అంటే 500 నానోగ్రాముల డీఎన్ఏ వేశారనుకుందాం. అందులో ఎనిమిది రకాల ముక్కలూ సంఖ్యలో సమానమే, బరువులో కాదు. జెల్‌లో వెలిగే రంగు బరువుని బట్టి పడుతుంది. పెద్ద ముక్క వాటా దాదాపు 238 నానోగ్రాములు, అందుకే అది కళ్లు చెదిరేలా వెలుగుతుంది. 564 వాటా ఆరు నానోగ్రాములు కూడా లేదు. 125 వాటా 1.3. ఇథిడియం బ్రోమైడ్ అనే రంగుతో, మామూలు యూవీ పెట్టె మీద, ఒకటీ ఒకటిన్నర నానోగ్రాములు కంటికి ఆనడం కష్టం. పైగా 1 శాతం జెల్‌లో అంత చిన్న ముక్క అందరికంటే ముందు పరుగెత్తి, పోతూ పోతూ చెదిరిపోతుంది. 564 అయితే మసగ్గా, ఉందా లేదా అన్నట్టు కనబడుతుంది, గదిలో లైటు వేసి ఉంటే అదీ కనబడదు. అంటే ఆరు బ్యాండ్లు రావడంలో మీ లోడింగ్ తప్పేమీ లేదు. మీ జెల్ చక్కగా నడిచింది. మీ సిమ్యులేషన్ ముక్కల పొడవు ఒక్కటే చూసి అన్నింటికీ ఒకే మందం గీత గీసింది, అంతే తేడా.

ఇందులో ఇంకో తమాషా ఉంది. లాంబ్డా రెండు కొసల్లోనూ పన్నెండేసి బేసుల ఒంటిపోగు తోకలుంటాయి, అవి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఎడమ కొస 23,130 ముక్కలో ఉంది, కుడి కొస 4,361 ముక్కలో ఉంది. కోసిన డీఎన్ఏని లోడ్ చేసే ముందు 65 డిగ్రీల దగ్గర ఓ పది నిమిషాలు వేడి చేసి వెంటనే ఐస్‌లో పెట్టకపోతే ఈ రెండూ చేతులు పట్టుకుని కలిసే నడుస్తాయి. అప్పుడు 4,361 బ్యాండ్ పలచబడుతుంది, పైన ఉండకూడని చోట ఇంకో బ్యాండ్ కనబడుతుంది. చాలా సిమ్యులేషన్లకు ఈ సంగతే తెలీదు. ఆ అబ్బాయి అడిగిన ఒక్క ప్రశ్న నుంచి బరువుకీ పొడవుకీ తేడా, రంగు ఎంత తక్కువను పట్టగలదో ఆ హద్దు, లాంబ్డా వైరస్ తన డీఎన్ఏని చుట్టలా ఎలా మార్చుకుంటుందో, ఇన్ని పాఠాలు బయటికొస్తాయి. అదంతా ఒక పీరియడ్‌లో చెప్పాలంటే మీకైనా నాకైనా నోరు నొప్పి పుడుతుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను, ఏమీ అనుకోకండి. ఆరు కనబడితే ఎనిమిది గీసుకురమ్మనడం, దాని కింద సంతకం పెట్టడం తప్పు. ఆ పేజీ గుర్తొస్తున్నది అందుకే, మీ మనసుకి అది ముందే తెలుసు. నేను పాఠాలు చెప్పిన రోజుల్లో కంప్యూటర్లు లేకపోయినా ఇదే తప్పు చేశాను, అప్పట్లో "టెక్స్ట్‌బుక్‌లో బొమ్మ చూసి వేసుకో" అనేవాణ్ణి. కాబట్టి తప్పు సిమ్యులేషన్‌ది కాదు. కంటికి కనబడినదాని కంటే ముందే తెలిసిన జవాబుని నమ్మే అలవాటు మనలో పాతది, కంప్యూటర్ వచ్చి దానికి రంగులద్దింది.

ఇప్పుడు మీ అసలు చిక్కుకి వస్తాను. ఉత్తరంలో మీరు "సిమ్యులేషన్" అన్న మాటని కనీసం మూడు వేర్వేరు వస్తువులకు వాడారు, గమనించారా? మొదటిది బొమ్మల ల్యాబ్: తెర మీద పిపెట్ ఉంటుంది, దాన్ని లాగి ట్యూబు మీద పెడితే చుక్క పడుతుంది, తప్పు ట్యూబు మీద పెడితే ఎర్ర గుర్తు వస్తుంది. రెండోది డిజైన్ పనిముట్టు: నిజమైన డీఎన్ఏ వరుసని తెచ్చి, ఏ ఎంజైము ఎక్కడ కోస్తుందో, ప్రైమర్ (పీసీఆర్‌ని మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్క) ఎక్కడ అతుక్కుంటుందో, అతికించాక జన్యువు సరైన రీడింగ్ ఫ్రేమ్‌లో (మూడేసి అక్షరాల చొప్పున చదివే వరుసలో) ఉందో లేదో చూసుకునేది. ఏపీఈ, బెంచ్‌లింగ్, ఎన్ఈబీకట్టర్, ప్రైమర్-బ్లాస్ట్ ఈ జాతివి, పరిశోధకులు రోజూ వాడే పనిముట్లే, చదువుకునేవాళ్లు ఉచితంగా వాడుకోవచ్చు. మూడోది లెక్కల నమూనా: జన్యువు నుంచి దాని నకలు ఎంఆర్ఎన్ఏ ఎంత వేగంగా వస్తుంది, ప్రోటీన్ ఎంత వేగంగా అరుగుతుంది అని సమీకరణాలు రాసి కాలంతో పాటు నడిపించేది. 2000లో ఎలోవిట్జ్, లైబ్లర్ అనే ఇద్దరు మూడు జన్యువులు ఒకదాన్నొకటి అణిచేలా గొలుసు కట్టి, బ్యాక్టీరియా వెలుగుతూ ఆరుతూ ఉండేలా చేశారు, రిప్రెస్సిలేటర్ అంటారు దాన్ని. వాళ్లు బల్ల దగ్గరకి వెళ్లే ముందు కాగితం మీదా కంప్యూటర్లోనూ ఏ విలువల దగ్గర అది ఊగుతుందో లెక్క వేసుకున్నారు. అక్కడ సిమ్యులేషన్ ల్యాబ్‌కి బదులుగా రాలేదు, ల్యాబ్‌లో ఏం కట్టాలో చెప్పడానికి వచ్చింది.

మీ సీనియర్ గారు వెక్కిరించింది మొదటి దాన్ని. హెచ్‌వోడీ గారు బడ్జెట్ తీసేయడానికి చూపిస్తున్నదీ మొదటిదాన్నే. మీ పిల్లల మార్కులు పెరగడానికి కారణం, నా అంచనా, రెండోది. ఈ మూడింటినీ ఒకే సంచిలో వేసి మాట్లాడినంత కాలం ఆ వాదన తెగదు.

సీనియర్ గారి మాట సంగతి. ఆయన అన్న తీరు బాగాలేదు, స్టాఫ్ రూమ్‌లో అందరి ముందూ అనాల్సిన మాట కాదది. కానీ మాటలో సగం నిజం ఉంది. బొమ్మల ల్యాబ్‌లో పిల్లలు నిజంగా ఏం చేస్తారో ఒకసారి వెనక నిలబడి చూడండి. మొదటి ట్యూబు నొక్కుతారు, ఎర్ర గుర్తు. రెండోది నొక్కుతారు, ఎర్ర గుర్తు. మూడోది పచ్చ, ముందుకి. డీఎన్ఏని అతికించే లైగేజ్ ఎంజైము ఎందుకు వేశామో తెలియకుండానే లైగేషన్ (అతికించడం) పూర్తవుతుంది. చేతులు మాత్రమే ఆడాయి, బుర్ర ఆడలేదు. మిగతా సగం ఆయన మర్చిపోయారు. ఒక్క ట్యాంకు దగ్గర అరవై మందిని నిలబెట్టి, ముందు వరుసలో ఇద్దరు లోడ్ చేస్తుంటే వెనక వాళ్లు ముందువాళ్ల భుజాలు చూసి రికార్డు రాసుకోవడం కూడా సిమ్యులేషనే, కాకపోతే అందులో మళ్లీ నొక్కి చూసే సౌకర్యం కూడా లేదు.

ఈ గొడవ మన సబ్జెక్టుకే పరిమితం కాదు. 2005లో కొలరాడో యూనివర్సిటీ భౌతికశాస్త్రం వాళ్లు ఒక అధ్యయనం ప్రచురించారు: కరెంటు సర్క్యూట్ల ప్రాక్టికల్‌లో కొందరికి నిజం బల్బులూ వైర్లూ ఇచ్చి, కొందరికి సిమ్యులేషన్ ఇచ్చారు. సిమ్యులేషన్ చేసినవాళ్లు సిద్ధాంతం ప్రశ్నల్లోనే కాదు, తర్వాత నిజం సర్క్యూట్ కట్టడంలోనూ మెరుగ్గా చేశారు. కంటికి కనబడని కరెంటు ప్రవాహాన్ని తెర కనబడేలా చేసింది కాబట్టి. ఆయనకి జవాబుగా ఇది చెప్పొచ్చు, కాకపోతే దీన్ని పట్టుకుని ఎగరకండి. వైరు బిగించడం పెద్ద విద్య కాదు. రెండు మైక్రోలీటర్ల ఎంజైముని పిపెట్ కొనలో చూడగలగడం విద్యే.

అలా ఆ అమ్మాయి దగ్గరకి వచ్చాం. పిపెట్ బటన్‌కి రెండు మజిలీలుంటాయి. మొదటి దాని దాకా నొక్కి ద్రవంలో ముంచి వదిలితే సరైన కొలత వస్తుంది, రెండోది చివరి చుక్క బయటికి ఊదడానికి. రెండో దాని దాకా నొక్కి తీస్తే రెండు మైక్రోలీటర్ల కంటే బాగా ఎక్కువ వస్తుంది. ఈ తేడా బొటనవేలికి తెలియాలి, మౌస్‌కి తెలియదు. ఎంత గొప్ప సిమ్యులేషన్ తెచ్చినా ఆ స్ప్రింగు బిగువు రాదు. అయితే దీన్ని నేర్పడానికి ఎంజైములూ అక్కర్లేదు, డీఎన్ఏ కూడా అక్కర్లేదు, అదే నేను చెప్పదలచుకున్నది. రంగు నీళ్లు, పిపెట్, ఒక మంచి త్రాసు చాలు. వంద మైక్రోలీటర్ల నీళ్లు 0.1 గ్రాము తూగాలి. పదిసార్లు తీసి పదిసార్లు తూచి, పదింటికీ మధ్య తేడా ఎంతో రాయమనండి. రెండో మజిలీ దాకా నొక్కినవాడిని త్రాసే పట్టిస్తుంది, మీరు తిట్టక్కర్లేదు. వెల్‌లో లోడ్ చేయడం కూడా అంతే. చిన్న డబ్బాలో జెల్ తయారుచేసే అగరోజ్ పోసి, దువ్వెన గుచ్చి తీసి, పైన నీళ్లు నింపి, గ్లిజరాల్‌లో కలిపిన నీలం రంగుని వెల్‌లోకి దించమనండి. కరెంటు పెట్టక్కర్లేదు, ట్యాంకు అక్కర్లేదు, అరవై మందీ ఒకే పూట చేయొచ్చు. మొదటిసారి సగం మంది వెల్ అడుగుని పొడిచేస్తారు. మూడోసారికి చెయ్యి నిలుస్తుంది.

ఆ అమ్మాయి విషయంలో ఇంకొకటి, ఆమెకు ఫోన్ చేసి మాట్లాడండి. "తప్పు నీది కాదు, నేర్పనిది మేము" అని మీ నోటితో వింటే ఆ అవమానం కొంత తగ్గుతుంది. పిపెట్ పట్టడం రెండు మూడు రోజుల్లో వచ్చేస్తుంది. ప్లాస్మిడ్ డిజైన్ చేయడం అలా రాదు, అది ఆమెకు మీ దగ్గరే వచ్చింది.

ఇక హెచ్‌వోడీ గారికి ఏం రాసివ్వాలి. నాకు నాలుగు దారులు కనిపిస్తున్నాయి. ఏది పట్టుకోవాలో నేను చెప్పను, మీ కాలేజీ లోపలి సంగతులు మీకే తెలుసు. ఏ దారిలో ఏం పోతుందో, ఏం మిగులుతుందో చెబుతాను.

ఆయన అడిగినట్టే మొత్తం సిమ్యులేషన్‌కి ఒప్పుకోవడం మొదటిది. మీకు రేపటి నుంచి తలనొప్పి తగ్గుతుంది, ఇండెంట్లు రాయక్కర్లేదు, అరవై మందీ సమానంగా పని చేస్తారు. కానీ ఒకసారి వదులుకున్న బడ్జెట్ మళ్లీ తలుపు తట్టదు, ఇది ఏ ఆఫీసులోనైనా అంతే. మూడేళ్ల తర్వాత మీకే ఒక జెల్ నడపాలనిపిస్తే పాత బఫర్ సీసా కూడా ఉండదు. ఈ దారి పడితే ఒక షరతు పెట్టుకోండి: సర్టిఫికెట్లోనూ, మీరు రాసే సిఫారసు ఉత్తరంలోనూ ఈ ప్రాక్టికల్స్ కంప్యూటర్ మీద చేసినవని స్పష్టంగా ఉండాలి. లేకపోతే ఇంకో అమ్మాయి ఇంకో ల్యాబ్‌లో అదే మాట పడుతుంది.

రెండోది ఎదురు తిరిగి, మొత్తం పాత పద్ధతికే పోతాననడం. సీనియర్ గారు సంతోషిస్తారు. ట్యాంకు ఒకటే, జెల్‌కి పది వెల్స్ అనుకుంటే అరవై మందికి తలా ఒక వెల్ రావాలంటే ఆరు జెళ్లు, ఒక్కొక్కటీ పోసి గడ్డకట్టి నడిచి రంగు పట్టేసరికి రెండు గంటలకి తగ్గదు. సెమిస్టర్ మొత్తం దానికే పోతుంది, డిజైన్ నేర్పే తీరిక ఉండదు. జెల్‌లో ఆరు బ్యాండ్లు ఎందుకొచ్చాయో ఆలోచించే తీరిక అసలే ఉండదు. నిజం చెప్పాలంటే ఈ దారి నాకు నచ్చలేదు, కోపంలో పట్టే దారి ఇది.

మూడోది కలిపి చేయడం, చాలామంది చెప్పే మాటే, కానీ ఎలా కలుపుతారన్నదాన్ని బట్టి ఉంటుంది. సగం ప్రాక్టికల్స్ ఇటు సగం అటు అని పంచితే కలపడం కాదది, పక్కపక్కన పెట్టడం. ఒకే ప్రయోగం రెండు చోట్లా జరగాలి, ముందు తెర మీద, తర్వాత బల్ల మీద, మధ్యలో ఒక కాగితం. తెర మీద చూసిన తర్వాత, జెల్ నడపక ముందు, ప్రతి విద్యార్థీ పెన్నుతో తన అంచనా గీయాలి: ఏ బ్యాండ్లు ఎక్కడొస్తాయి, ఏది మందంగా, ఏది పలచగా, ఏది అసలు కనబడదు. పెన్సిల్ వద్దు, చెరిపేస్తారు. జెల్ వచ్చాక పక్కనే కనబడింది గీయాలి. మార్కులు ఆ రెండూ కలిసినందుకు కాదు, కలవకపోతే ఎందుకో రాసినందుకు. దీనికి కావాల్సిన సరుకు చాలా తక్కువ: ఒక ట్యూబు లాంబ్డా డీఎన్ఏ, ఒకటో రెండో ఎంజైములు, అగరోజ్, బఫర్, రంగు. ఎంజైములు మైనస్ 20 దగ్గర పదిలంగా ఉంటే ఏడాది దాటి కూడా పనిచేస్తాయి, కాబట్టి ఒక్కసారి తెచ్చుకుంటే ప్రతి సెమిస్టర్‌కీ ఇండెంట్ గొడవ ఉండదు. బ్యాక్టీరియాలోకి ప్లాస్మిడ్ పంపించే ప్రయోగం మాత్రం క్రిముల్ని చంపే ఆటోక్లేవ్, పారవేసే పద్ధతి, అనుమతులు సరిగ్గా ఉంటేనే చేయండి, లేకపోతే అది తెర మీదే ఉండనివ్వండి, సిగ్గుపడాల్సిందేం లేదు. ఈ దారిలో నష్టం మీ శ్రమే. మొదటి ఏడాది మీరు రెట్టింపు పని చేస్తారు. దిద్దడానికి కూడా టైమ్ పడుతుంది, ఎందుకంటే అరవై అంచనాలు అరవై రకాలుగా తప్పుతాయి.

నాలుగోది చాలామందికి తట్టదు. బొమ్మల ల్యాబ్‌ని పూర్తిగా పక్కన పెట్టి, దాని స్థానంలో డిజైన్ ప్రాజెక్టు పెట్టడం, చేతిపని కోసం రంగు నీళ్ల ప్రాక్టికల్, ఒకే ఒక్క నిజం జెల్. ప్రాజెక్టు ఎలా ఉంటుందంటే, డీఎన్ఏ వరుసల ఉచిత భండారం జెన్‌బ్యాంక్ నుంచి పీయూసీ19 ప్లాస్మిడ్ వరుస దించుకోమంటారు, 2,686 బేస్ జతలు. వెయ్యి బేసుల జన్యువొకటి ఇచ్చి ఎకో ఆర్-1 అనే కోసే ఎంజైము ఒక్కదానితో దాన్ని ఇందులోకి ఎక్కించమంటారు. పిల్లలు ఎక్కించేస్తారు. అప్పుడు అడగండి: ఒకే ఎంజైముతో కోసిన ముక్క ఎటైనా తిరిగి అతుక్కోవచ్చు కదా, మీ కాలనీలో అది సరిగ్గా ఉందో తిరగబడిందో ఎలా చెబుతారు? జన్యువులో ఒక కొస నుంచి 200 బేసుల దగ్గర బామ్‌హెచ్-1 అనే ఇంకో ఎంజైము కోసే చోటు ముందే పెట్టి ఉంచండి. ప్లాస్మిడ్‌లో ఎకో ఆర్-1 చోటు పక్కనే, ఇరవై చిల్లర బేసుల అవతల, బామ్‌హెచ్-1 చోటు ఇంకొకటి ఉంది. జన్యువు ఒకవైపు తిరిగి ఉంటే 200 చిల్లర ముక్క ఊడిపడుతుంది, రెండోవైపైతే 800 చిల్లర. ఎవరూ చెప్పకుండా దీన్ని కనిపెట్టిన పిల్లకి ఇక జీవితంలో ఆ సంగతి మరపురాదు. ఈ దారిలో లోటు, నెట్ బాగా ఉండాలి, ఇద్దరికో ముగ్గురికో ఒక కంప్యూటర్ ఉండాలి, మీ సిలబస్‌లో పేర్లు పెట్టి రాసిన ప్రాక్టికల్స్ ఉంటే బోర్డు ఆఫ్ స్టడీస్‌ని ఒప్పించాలి.

మీరు మూడో దారైనా నాలుగో దారైనా పట్టుకుంటే ఒక పని చేయండి, సిమ్యులేషన్‌ని చెడగొట్టండి. అన్నీ సవ్యంగా జరిగే సిమ్యులేషన్ పిల్లలకి అబద్ధం చెబుతుంది. ఎక్కించే జన్యువు మధ్యలో ఎకో ఆర్-1 చోటు ఒకటి దాచిపెట్టిన ఫైలు ఇవ్వండి, కోయగానే జన్యువు రెండు ముక్కలవుతుంది. ఒక్క బేసు పక్కకి జరిపిన ఫైలు ఇవ్వండి, తెర మీద అంతా బాగానే అతుకుతుంది కానీ ప్రోటీన్ రాదు, ఎందుకో వాళ్లే కనుక్కోవాలి. కోయని ప్లాస్మిడ్‌ని జెల్‌లో వేస్తే ఎన్ని బ్యాండ్లని అడగండి. పొడవు మాత్రమే చూసే ప్రోగ్రామ్ ఒకటే అంటుంది. బల్ల మీద మెలిపడ్డది ముందుకీ, మెలి ఊడినది వెనక్కీ పోయి రెండో మూడో కనబడతాయి. ఎక్స్‌బా-1 ఎంజైము టీసీటీఏజీఏ దగ్గర కోస్తుంది, కానీ దాని వెంటనే టీసీ అక్షరాలుంటే మామూలు ఈ.కోలై బ్యాక్టీరియాలో పెరిగిన డీఎన్ఏని కోయలేదు, బ్యాక్టీరియా అక్కడ మిథైల్ గుర్తు పెట్టేసి ఉంటుంది. దీన్ని కొన్ని పనిముట్లు హెచ్చరిస్తాయి, కొన్ని నోరెత్తవు. మీ పనిముట్టు ఏ జాతిదో పిల్లలతోనే తేల్పించండి.

పీసీఆర్‌కి అయితే ఏ సాఫ్ట్‌వేరూ కొనొద్దు. స్ప్రెడ్‌షీట్ తెరిపించి, వాళ్ల చేతే నమూనా కట్టించండి. ప్రతి సైకిల్‌కీ రెట్టింపు అయితే ముప్ఫై సైకిళ్లకి ఒక్క అణువు 107 కోట్లు అవుతుంది. రెట్టింపు కాకుండా 1.9 రెట్లే అయితే? 23 కోట్లు. 1.8 అయితే నాలుగున్నర కోట్లు. చిన్న తేడా ముప్ఫైసార్లు గుణించుకుని ఇంత మింగేస్తుందని తమ చేత్తో వేసిన లెక్కలో చూసినప్పుడు పిల్లల మొహాలు చూడాలి మీరు. పాడైన పీసీఆర్ యంత్రం గురించి అప్పుడు మీకు అంత బెంగ ఉండదు, కాస్త ఉంటుందనుకోండి.

హెచ్‌వోడీ గారికి రాసేటప్పుడు "అనుభవం ముఖ్యం", "చేతితో చేస్తేనే చదువు" లాంటి మాటలు వాడకండి, అవి ఫైల్లో నిద్రపోతాయి. ఒక పేజీలో రాయండి: ఈ నైపుణ్యాలు తెర మీద నేర్పగలం, ఈ రెండు నేర్పలేం, ఆ రెండింటికీ ఏడాదికి ఇంత సరుకు చాలు. బడ్జెట్ మొత్తం వద్దనడం కంటే పావు వంతు చాలనడం ఆయనకి ఒప్పుకోవడానికి సులువు, పై వాళ్లకి చూపించుకోవడానికీ బాగుంటుంది. సీనియర్ గారికి జవాబు చెప్పాలనిపిస్తే చెప్పకండి, ఆ రంగు నీళ్ల పూటకి పిపెట్ పట్టడం నేర్పడానికి రమ్మని పిలవండి. వస్తే మీకు ఒక చెయ్యి తోడు. రాకపోతే ఆ సంగతి స్టాఫ్ రూమ్‌కి దానంతటదే తెలుస్తుంది.

ఆ వెనక బెంచీ అబ్బాయి ఇంకా మీ క్లాసులోనే ఉన్నాడా? ఉంటే నెలాఖరు దాకా ఆగకండి. క్లాసులో అందరి ముందే "ఆ రోజు నేను నీకు తప్పు చెప్పాను, నీ ప్రశ్నే కరెక్టు" అనండి, ఆ రికార్డు పేజీ వెనక్కి తీసుకుని మీ సంతకం మీరే కొట్టేయండి. మళ్లీ ఒక జెల్ పోయండి. హిండ్-3 తో కోసిన లాంబ్డా, 65 డిగ్రీల దగ్గర పది నిమిషాలు వేడి చేసింది ఒక ట్యూబు, చేయనిది ఒకటి. ఒక వెల్‌లో అర మైక్రోగ్రాము, పక్క దాంట్లో రెండు మైక్రోగ్రాములు. లోడింగ్ అతని చేతే చేయించండి. రెండు మైక్రోగ్రాముల వరుసలో 564 వాటా 23 నానోగ్రాములవుతుంది, లైట్లు ఆర్పితే కనబడాలి. 125 వాటా అప్పటికీ ఐదే, అది కనబడొచ్చు, కనబడకపోవచ్చు. కనబడకపోతే ఏం మార్చాలో మీరు చెప్పకండి, అతన్నే అడగండి.